ఛాతీ బెల్టుకు పట్టిన చీమలు

నేను ఒక బెల్టును. ప్యాంటు జారకుండా పట్టే రకం కాదు, గుండె ఆపరేషన్ అయినవాడి ఛాతీ కదలకుండా పట్టే రకం. అమ్ముడుపోయినప్పుడు కొన్నవాడి ముఖంలో సంతోషం కనిపించని సరుకు లోకంలో ఏదైనా ఉందంటే అది నేనే.

ఎక్కడో ఒక కుట్టు కార్ఖానాలో పుట్టాను. సాగే గుడ్డ, లోపల మెత్తటి దూది, చివర గరుకుగా అతుక్కునే పట్టీ, ముందువైపు రెండు పిడులు. ఇంతే నా ఆస్తి. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ఎదురుగా మందుల దుకాణంలో, మోకాలి తొడుగుల పక్కన చాలాకాలం వేలాడాను. అక్కడి నుంచి నన్ను కొనుక్కుపోయింది నూకరత్నం. ఆమె భర్త భీమరశెట్టి సన్నిబాబు అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. రైతు తెచ్చిన దిమ్మ నుంచి చిన్న పలుకు విరిచి, నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని ధర చెప్పేవాడు. దాని మీద మార్కెట్లో ఎవరూ మారు పలికేవారు కాదు.

అలాంటివాడికి బైపాస్ చేశారు. ఛాతీ ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక తీగలతో బిగించి ఇంటికి పంపారు. ఎముక అతుక్కునేదాకా దాన్ని కదలనివ్వకపోవడం నా వంతు. దగ్గు వచ్చినప్పుడు పిడులు పట్టుకుని నన్ను దగ్గరికి లాగడం అతని వంతు. ఇంతకంటే తేలికైన ఒప్పందం ఉండదు. కాని సన్నిబాబు దేనికీ మొదటి మాటకే ఒప్పుకున్న మనిషి కాడు. చేతులు పైకెత్తొద్దని డాక్టరు అంటే, భుజం దాకా ఎత్తితే ఎత్తినట్టా కాదా అని బేరం పెట్టాడు. ఉక్కపోస్తోందని నన్ను వదులు చేసేవాడు. నూకరత్నం వచ్చి బిగించేది. ఆమె అటు తిరగగానే మళ్లీ వదులు.

పై కుట్లు బాగానే మానాయి. కింది చివర మానలేదు. అక్కడ తడి ఊరడం మొదలైంది. ఆ తడి ముందుగా తగిలింది నాకే. దగ్గినప్పుడల్లా లోపల ఎముక టక్కుమనేది. డాక్టరు చూసి ముఖం చిట్లించాడు.

“షుగర్ దిగకపోతే ఈ పుండు మానదమ్మా. చీము ఎముకలోకి వెళ్లిందంటే మళ్లీ ఛాతీ తెరవాలి. రెండోసారి తట్టుకుంటారని నేను చెప్పలేను.”

ఇన్సులిన్ పెంచారు. నూకరత్నం అన్నం మాన్పించి చోడి అంబలి, అంటే రాగి జావ, పోసింది. దిష్టి తీసింది. పలకరించడానికి వచ్చిపోయేవాళ్ల కళ్లను తిట్టింది. షుగర్ దిగలేదు. ఎందుకు దిగుతుంది? ఆమె వంటింట్లో ఉన్న వేళ చూసి గుమస్తా పోలారావు పళ్లెంలో రైతుల సరుకు పట్టుకొచ్చేవాడు. సన్నిబాబు పలుకు మీద పలుకు నాలుక మీద వేసుకునేవాడు.

“నా నాలిక పడిపోనాదని ఒకడు అంటే సాల్రా, మార్కెట్టంతా అనీసినట్టే” అనేవాడు పోలారావుతో.

మనుషుల లెక్క నాకు అర్థం కాదు. ప్రాణం పోతుందేమోనన్న భయం కంటే పేరు పోతుందన్న భయం ఇతనికి ఎక్కువ. పేరును ఎవరు అనుభవిస్తారట, ప్రాణం పోయాక? అరిచి చెబుదామంటే నాకు నోరు లేదు. ఉన్న నోటికి అదుపు లేదు.

నాకు బదులు చీమలు చెప్పాయి. ఒక ఉదయం నన్ను ఉతకడానికి విప్పిన నూకరత్నం నా గరుకు పట్టీలో ఇరుక్కున్న ముక్కల చుట్టూ చీమలబారు చూసింది.

“ఏటండీ, బెల్టుకి చీమలట్టీసినాయి?”

“బెల్లం ఊర్లో చీమలట్టకేటి? గోడకీ పడతాయి, గొడుక్కీ పడతాయి.”

ఆమె ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకుంది. “ఛీ, ఉప్పగా ఉంది. ఈ పాడు బెల్లం ఎవుడిదో?”

“ఉప్పు కాదే, సెరుకురసంలో ఏసిన సున్నం ఎక్కువైపోనాది. ఆ ఎర్రినాయుడు పాకం ఎప్పుడూ అంతే...” అని సన్నిబాబు ఆగిపోయాడు.

“అయితే తిన్నారన్నమాట!”

“తిన్నానేటే? నాలిక మీదెట్టి సూసినాను. అది యాపారం. తిండి కాదు.”

“మరి ఊసిందెక్కడ?”

బెల్లాన్ని ఉమ్మేయడం ఆ ఇంటావంటా లేదు.

“రెండోపాలి ఆ బల్లెక్కితే నాను ఆసుపత్రికి రాను” అంది నూకరత్నం. “మీ బెల్లం ఒచ్చి గుమ్మంలో కూకుంటాది. దానికే సెప్పుకోండి నొప్పులు.”

“నాలిక మీద బతికినోడిని నూకా” అన్నాడు అతను మెల్లగా. “అది మూసీమంటే నానేటైపోవాల?”

ఆమె నన్ను నీళ్లలో ముంచి బండకేసి బాదింది. ఆ దెబ్బలు ఎవరికి పడాల్సినవో నాకు తెలుసు. పడ్డాను.

మర్నాడు పోలారావు పళ్లెంతో వచ్చేసరికి నూకరత్నం భర్త పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పోలారావు వెంట ఆ రైతు ఎర్రినాయుడే వచ్చాడు. సన్నిబాబు దిమ్మను వెలుగులో తిప్పాడు. వేలితో మోగించాడు. విరిచి వాసన చూశాడు. పలుకు నోటి దగ్గరికి వెళ్లింది. దారిలోనే నూకరత్నం దాన్ని లాక్కుని తన నోట్లో వేసుకుంది.

ఎర్రినాయుడు నోరు తెరిచాడు. పోలారావు గోడవైపు తిరిగాడు. సన్నిబాబు గుండె నా కింద ధడధడలాడింది. కోపమో అవమానమో, రెండూనో.

“ఏటి?” అన్నాడు చివరికి.

“ఉండండి. కరగనీండి.”

“అడుగున సేదుందా?”

“సేదు లేదు. నిన్నటిలాగే సున్నం ఉంది.”

ఎర్రినాయుడు తల దించుకున్నాడు. సన్నిబాబు ధర తగ్గించి చెప్పాడు. ఎదురు మాట రాలేదు.

తర్వాత షుగర్ దిగింది. పుండు ఎరుపు తగ్గి, ఎండి, మూసుకుంది. ఛాతీ మళ్లీ తెరవనక్కర్లేదని, నన్ను తీసేయొచ్చని డాక్టరు అన్నాడు. ఇప్పుడు ముందుగది తలుపు వెనక మేకుకు వేలాడుతున్నాను. ఎవరూ నాకు కృతజ్ఞత చెప్పలేదు. ఆశించనూ లేదు. ఒకటే చూస్తున్నాను. పోలారావు ఇప్పుడు పళ్లెం తెచ్చి ముందు నూకరత్నం ఎదుట పెడుతున్నాడు. సన్నిబాబు సణుగుతాడు, తొందరపెడతాడు, దిమ్మను ఇంకోసారి మోగిస్తాడు. ఆ తర్వాత, తన జన్మలో ఎవరి మాట కోసమూ ఆగని మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని, భార్య నోట్లో పలుకు కరిగేదాకా ఆగుతాడు.