రాజగోపాల్ కట్టిన సాల్మన్ ఫ్లై

"పెరుగులో ఈక! ఇది ఇల్లా, కోళ్లఫారమా?" అన్నారు మావారు రాజగోపాల్, భోజనాల దగ్గర.

గాలపు ముల్లుకి పట్టుదారంతో రంగురంగుల ఈకలు కట్టి, సాల్మన్ చేపలకి ఎరగా వేసే ఈగల్లాంటి సాల్మన్ ఫ్లైలు చేస్తాను. చేపల కోసం కాదు, ఫ్రేములో పెట్టుకోవడానికి.

ఈక తీసి పక్కన పెట్టి ఆయన నసిగారు. "ఆఫీసులో పెట్టుకుంటానని తీసుకెళ్లిన ఫ్రేము మా మేనేజర్‌కి ఇచ్చేశా. నేనే కట్టానన్నా. ఆదివారం వచ్చి, నేను కడుతుంటే చూస్తాడట. కాస్త నేర్పవూ?"

"డాడ్, యూ కాంట్ ఈవెన్ టై యువర్ షూస్!" పకపకా నవ్వింది మా అమ్మాయి స్పందన.

నాకు నవ్వు రాలేదు. వేర్వేరు రంగుల ఈకల పోగుల్ని ఒకే ఈకలా కలిపి ఆ ఫ్రేములోని ఫ్లైకి రెక్క కట్టడానికి నాకు చలికాలమంతా పట్టింది.

"రమ్మనండి," అన్నాను పెరుగు వడ్డిస్తూ. "ఆయన ముందు నేను కడతాను. మీరు టీ పెట్టి తీసుకురండి."