పెట్టె మూత మీద పేరు

గుడివాడలో సూరయ్య స్టీలు సామాన్ల కొట్టు తెలియని పెళ్లివారు లేరండీ. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్ ఆయన చేతిలో పడిందంటే చూడాలి! చెంచా కాడ మీద తాతముత్తాతల దగ్గర్నుంచి ఎక్కించేసేవాడు. ఓసారి బిందె మీద ఈగ వాలితే, అది లేచేలోపు దాని రెక్క మీద ఇంటిపేరుతో సహా కొట్టేశాడంట. ఆ ఈగ పామర్రు మిఠాయి కొట్లో దొరికితే, పేరు చూసి, కండక్టరుకి అప్పజెప్పి గుడివాడ బస్సెక్కించారంట. నమ్మకపోతే కండక్టర్ని అడగండి, ఈగకి టిక్కెట్టు కూడా కొట్టాడు.

అంతటి సూరయ్య ఒక్క పని మాత్రం చేసేవాడు కాదు. పెళ్లిలో చదివింపుగా వచ్చిన గిన్నె పట్టుకొచ్చి, "బాబాయ్, ఈ పేరు గీకేసి మా పేరు కొట్టు, రేపు ఇంకో పెళ్లికి ఇచ్చుకోవాలి" అన్నారనుకోండి, కుర్చీలోంచి లేచి నిలబడేవాడు.

"గీకితే పోద్దనుకున్నావా అమ్మా? ఎండకి ఏటవాలుగా పట్టి చూడు, కింద పేరు తొంగి చూసుద్ది. పరువు తక్కువ పని. నా మిషన్ తో చెయ్యను, పో!"

ఆ సూరయ్య కొడుకే భానుప్రకాష్. తండ్రి గిన్నెల మీద ఏ పని చెయ్యనన్నాడో, కొడుకు కంప్యూటర్లో సరిగ్గా ఆ పనే చేశాడు.

రెండువేల ఆరు సంగతి ఇది. భాను బందరులో చిన్నబాబు గారి కంపెనీలో చేసేవాడు. కంపెనీ అంటే ఏదో అనుకునేరు, కోనేరు సెంటర్ దగ్గర మేడ మీద రెండు గదులు. చిన్నబాబు గారికి రొయ్యల చెరువులుండేవి. నీళ్లల్లో ఆక్సిజన్ తగ్గిందంటే రొయ్య పైకి తేలి, తెల్లారేసరికి చెరువంతా చచ్చి ఊరుకునేది. అందుకని ఆయన చెరువు గట్టు మీద పెట్టే పెట్టె ఒకటి తయారు చేయిస్తున్నాడు. నీళ్లల్లో వేలాడే సెన్సారు ఆక్సిజన్ కొలిచి పెట్టెకి చెబుద్ది. తగ్గితే పెట్టె తనంతట తనే నీళ్లు చిలికే ఏరేటర్లు తిప్పుద్ది.

ఆ పెట్టెలో అరచెయ్యంత కంప్యూటరు, దాన్లో లైనక్సు. అంత చిన్నదాంట్లో బజారు సరుకు పట్టదు కదండీ. కావాల్సిన ప్యాకేజీలు ఒక్కోటీ పెద్ద కంప్యూటర్లో దాని కొలతకి తయారుచేసి ఎక్కించాలి. ఒక్కో ప్యాకేజీకీ ఒక్కో చీటీ రాయాలి. రెసిపీ అంటారు దాన్ని. సరుకు ఎక్కణ్ణుంచి తేవాలి, దీనికంటే ముందు ఏది తయారవ్వాలి, ఎక్కడ అతుకు పడాలి, అంతా అయ్యాక ఏ గూట్లో సర్దాలి, అన్నీ అందులో ఉంటాయి. అతుకునే ప్యాచ్ అంటారు. చీటీ పైన రాసినవాళ్ల పేరుంటది.

భాను ముప్ఫై చీటీలు రాశాడు, ముప్ఫైకి ముప్ఫై నడిచినయ్యి. ముప్ఫై ఒకటోది, సెన్సారుతో మాట్లాడే ప్యాకేజీది, మాత్రం మొండికేసింది. మూడు వారాలు! బిల్డు, అంటే ఆ తయారీ, మొదలెడితే తెర నిండా ఎర్ర అక్షరాలే. ఆ ఎరుపు చూసి చూసి, దారిన పోయే ఎర్రబస్సుని చూసినా ఉలిక్కిపడేవాడు.

చివరికి ఇంటర్నెట్లో, ఇలాంటి పనివాళ్లు ఈమెయిళ్లు రాసుకునే ఒక మెయిలింగ్ లిస్టు అడుగున, అదే సెన్సారుకి ఎవరో రాసిపెట్టిన చీటీ దొరికింది. పైన పేరు, కె. విల్సన్. ఇంకేముంది, సూటూ బూటూ వేసి, టై కట్టి, టేబుల్ మీద కాఫీ కప్పుతో లండన్ దొర మొత్తం భాను కళ్లముందు నిలబడ్డాడు. చీటీ తెచ్చి పెట్టాడు. మొదటి దెబ్బకే బిల్డు అయిపోయింది.

వాడుకోవడం తప్పు కాదండీ. వాడుకోమనే పెడతారు వాళ్లు. పేరు అలా ఉంచితే చాలు. కానీ మూడు వారాల్నుంచి "ఏవైందోయ్?" అని రోజూ అడుగుతున్నాడు చిన్నబాబు గారు. భాను ఆ పైన పేరు చెరిపేశాడు. తన పేరు పెట్టాడు. 'లండన్ దొర బందరొచ్చి చూస్తాడా ఏంటి' అనుకున్నాడు.

చిన్నబాబు గారు ఎగిరి గంతేశాడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, చీటీ అంతా వేలు పెట్టి చదివాడు.

"ఇదేంటోయ్, కృపమ్మ డాట్ ప్యాచ్? ఎవరీ కృపమ్మ?"

భాను అప్పుడు చూశాడండీ ఆ లైను. లండన్ దొర అక్కడికక్కడే సూటు విప్పి లుంగీ కట్టుకున్నాడు! మనవాడే ఎవడో. చెప్పెయ్యొచ్చు కదా, ఇంకా మించిపోలేదు. నోరు తెరిస్తే వేరే మాటొచ్చింది.

"మా అమ్మమ్మ పేరండీ."

"అబ్బ! అమ్మమ్మ పేరా!" చిన్నబాబు గారి కళ్లు చెమర్చినయ్యి. "నీలాంటి మనవడు ఎంతమందికి ఉంటాడయ్యా! నీ పేరు పెట్టె మీదే కొట్టించాలి. మూతలు ఎలాగూ మీ నాన్నగారే చేస్తున్నారు కదా!"

ఆ రోజే గుడివాడ ఫోన్ వెళ్లిపోయింది. సూరయ్య స్టీలు మూత మీద 'భానుప్రకాష్' అని కొట్టి, చుట్టూ పూలతీగ వేసి, ఆ మూత తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు.

"నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల పేర్లు కొట్టాన్రా. ఇయ్యాల నా కొడుకు పేరు కొట్టా."

భాను మూత వంక చూళ్లేదు. చెప్పుల వంక చూశాడు. తండ్రి, 'పిల్లాడికి ఎంత అణకువో' అనుకున్నాడు.

పెట్టె మొదటగా నాగాయలంక పక్కన ఓ చెరువు మీద పెడదామనుకున్నారు. చిన్నబాబు గారి జీపులో భాను, మూత ఒళ్లో పెట్టుకుని సూరయ్య. గట్టు మీద చుట్టుపక్కల రొయ్యల రైతులు ఓ ఇరవై మంది చేరారు. ఏరేటర్లకి వైర్లు కలపడానికి ఆ ఊరి మెకానిక్ వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, చెవి మీద టెస్టరు.

"పేరేంటి బాబూ?" అన్నాడు చిన్నబాబు గారు.

"కొక్కిలిగడ్డ విల్సనండి."

భానుకి చీటీ మీది పేరు గుర్తొచ్చింది. 'కె'. ఇంటిపేరు కొక్కిలిగడ్డ!

రైతు ఒకాయన అందుకున్నాడు. "మా వోడు మామూలోడు కాదండోయ్. మోటార్లు బాగుచేసుకుంటానే, అవనిగడ్డ నెట్ సెంటర్లో కూర్చుని కంప్యూటర్ నేర్చాడు. పాత డబ్బా ఒకటి తెచ్చి ఏదో సెన్సారు కూడా ఆడించాడు."

"అదేం లేదండి," అన్నాడు విల్సన్ సిగ్గుపడతా.

తను పడాల్సిన సిగ్గు ఆ మనిషి పడుతుంటే భానుకి ఎటు చూడాలో తెలియలా. చెరువులో దూకుదామా అంటే నడుం లోతే.

అంతలో ఫ్లాస్కు పట్టుకుని ఒక ముసలావిడ గట్టు మీద నడిచొస్తంది. వెనకనుంచి ఎవరో కేకేశారు, "కృపమ్మా, ఇటు రెండు టీలు!" ఆవిడ పలకలేదు. నాలుగడుగులు వేసి, ఆగి, అప్పుడు "ఆఁ, వస్తన్నా" అంది.

చిన్నబాబు గారికి ఉత్సాహం ఆగింది కాదు. "కృపమ్మా! ఏం కలిసిందండీ! మా భాను వాళ్ల అమ్మమ్మ కూడా కృపమ్మే. ఆవిడ పేరు మీదే ఈ పెట్టెలో ప్యాచ్ రాశాడు!"

సూరయ్య ఇటు తిరిగాడు. "ఎవరి అమ్మమ్మండీ? మా అత్తగారు వెంకాయమ్మ కదా!"

విల్సన్ వైరు కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు. తలెత్తి భాను మొహంలోకి చూశాడు. అర్థమైపోయిందండీ, మొత్తం అర్థమైపోయింది. ఇప్పుడు చొక్కా పట్టుకుంటాడు, నలుగురిలో నిలేస్తాడు అనుకుని భాను కళ్లు మూసుకున్నాడు.

"సెన్సారు జవాబు కోసం ఏడు సెకన్లు ఆగుతుందాండి ఇది?" అన్నాడు విల్సన్ నెమ్మదిగా.

"ఆఁ... ఏడు."

"ఈ ఉప్పునీళ్లల్లో ఏడు చాలదండి. తర్వాత నేను తొమ్మిది చేశాను. నెట్లో పెట్టడం కుదరలా. మీరు తొమ్మిది చేసుకోండి, రొయ్యలు పోతాయి లేకపోతే." మళ్లీ వైరు మీదికి వంగాడు. "మా అమ్మని పిలిస్తే ఎంటనే పలకదండి, కాసేపాగి పలుకుద్ది. ఈ సెన్సారూ అంతే. అందుకని ఆ పేరు పెట్టాను."

అంతే అన్నాడు. కొట్టినా బాగుండేది. చెప్పుతో కొడితే తుడుచుకుని పోయేవాడు. దొంగిలించినవాడికి, ఇంట్లో మిగిలిన సరుకు కూడా మూటకట్టి ఇచ్చినట్టయింది.

భాను కళ్లు తెరిచి ఇటు తిరిగాడు. "చిన్నబాబు గారూ. ఆ చీటీ నాది కాదండీ. ఈయనది. పేరు చెరిపేసి నాది పెట్టుకున్నాను. అమ్మమ్మ సంగతీ అబద్ధమే."

చిన్నబాబు గారు జీపు వంక చూశాడు. రైతులు తువ్వాళ్లు దులుపుకున్నారు. సూరయ్య చేతిలో ఉన్న మూతని బోర్లించాడు.

ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దాకా లెక్కపెట్టుకోవచ్చండీ అంతసేపైంది, అప్పుడు పలికింది కృపమ్మ.

"టీ చల్లారిపోద్ది నాయనా, తాగు."

ఆ టీ భాను గొంతులో ఎలా దిగిందో భానుకే తెలియాలి.

నాగాయలంక నుంచి గుడివాడ దాకా మూత సూరయ్య ఒళ్లో బోర్లానే ఉంది. గుంటలొస్తే జీపు ఎగిరింది కానీ ఆయన చెయ్యి మూత మీంచి లేవలేదు. కొట్టు తెరిచి, గరుకు కాగితం తీసి కొడుకు ముందు పడేశాడు.

"గీకు."

"నాన్నా, నువ్వు ఎప్పుడూ..."

"నేను గీకనన్నా. నిన్ను గీకమంటన్నా."

భాను గీకాడు. పూలతీగ గీకాడు, పేరు గీకాడు, వేళ్లు బొబ్బలెక్కినయ్యి. తర్వాత సూరయ్య మిషన్ పట్టి, 'కొక్కిలిగడ్డ విల్సన్' అని కొట్టాడు. మర్నాడు బందరెళ్లి భాను చీటీ పైన కూడా ఆ పేరే పెట్టి, ఏడుని తొమ్మిది చేసి, మెయిలింగ్ లిస్టుకి పంపాడు. కింద, ఇన్నాళ్లూ ఈ చీటీ నాదని చెప్పుకున్నాను, క్షమించండి అని రాశాడు. పంపే బటన్ నొక్కడానికి పొద్దుటి టిఫిను వేళ కూర్చుంటే మధ్యాహ్నం భోజనాలయ్యాయి. చిన్నబాబు గారు వెనకనుంచి చదివి, "ఊఁ" అన్నాడు. ఉద్యోగం తియ్యలేదు. కానీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోడం మానేశాడు.

పది రోజులకి మూత బిగించడానికి భాను ఒక్కడే బస్సులో నాగాయలంక వెళ్లాడు. మూత చూసి విల్సన్ నవ్వాడు. "అయ్యో, పేరెందుకండి! మా రొయ్యలకి చదువొచ్చా?"

కృపమ్మ ఫ్లాస్కు కింద పెట్టి మూత అందుకుంది. కొడుకు పేరని విని, దాని మీద వేలు పెట్టి నిమిరింది. ఆవిడకి అక్షరాలు రావు. కానీ కళ్లు బాగా కనపడతాయి. ఎండకి ఏటవాలుగా తిప్పింది.

"దీని కింద ఇంకోటేదో ఉన్నట్టుందే! ఎవరిది బాబూ ఇది?"

విల్సన్ గబుక్కున మెకానిక్ సంచీలో ఏదో వెతుక్కున్నాడు. ఏరేటర్లు తిరుగుతున్నయ్యి, నీళ్లు ఎగురుతున్నయ్యి. భాను వెంటనే పలకలేదు. కాసేపాగి పలికాడు.

"నాదేనమ్మా."