కెప్టెన్ దాలయ్య ఆఖరి అధ్యాయం

కెప్టెన్ దాలయ్యని కౌముది ఆ పొద్దున్నే చంపేసింది.

రాజాం డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూములో, కిటికీ పక్క బల్ల మీద, ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య దొరికిన ఖాళీలో చంపింది. మకర నౌక ఇంజిను గదిలోకి ఆయన్ని ఒక్కణ్నీ పంపింది, బయటనుంచి తలుపు వేయించింది, నౌకని పేల్చేసింది. ఆఖరి వాక్యానికి చుక్క పెట్టి టీ గ్లాసు అందుకుంటే అది ఎప్పుడో చల్లారిపోయింది. సాయంత్రం ఐదులోగా ఈ అధ్యాయం హైదరాబాదు చేరాలి. అది చేరితే నవల పూర్తయినట్టే, వచ్చే సీరియల్‌కి కూడా నవలలు ఆమే రాస్తుందని కంపెనీ మాటిచ్చింది.

"ఏటి రాకెట్ మేడమ్, పనైపోయిందా?" అన్నాడు ఫిజిక్సు చెప్పే త్రినాథ్, పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే. "ఈసారైనా మీ నౌక గురుత్వాకర్షణని లెక్కలోకి తీసుకుందా, నేకపోతే మళ్ళీ సెలవెట్టిందా?"

"పేలిపోయింది సార్. ఇంక ఏ లెక్కా అక్కర్లేదు."

"అమ్మయ్య. నా ప్రాణం కుదుటపడింది."

కౌముది పైపైన నవ్వింది.

శూన్యపథం అనే సీరియల్ ఫోన్లలో వస్తుంది. అంతరిక్షంలో తిరిగే ఒక సరుకు నౌక, అందులో ఓ పదిమంది. తెరమీద కథ ఒక భాగం నుంచి ఇంకో భాగానికి గెంతినప్పుడు మధ్యలో మిగిలిన కాలాన్ని నవలలుగా రాయడం కౌముది పని. కథ ఆమెది కాదు, పాత్రలు ఆమెవి కావు. పుస్తకం మొదట్లో ఎవరు ఎక్కడున్నారో, ఎంత నడిపించినా చివరికి వాళ్ళని అక్కడే నిలబెట్టాలి. యూనివర్సిటీలో ఆమె గైడు ఇవి అసలు పుస్తకాలే కావన్నాడు. కంపెనీవాళ్ళు మాత్రం మరీ ప్రొఫెసరమ్మలా రాస్తున్నారు, కాస్త తగ్గించండి అనేవాళ్ళు. ఇద్దరి మధ్యా నలుగుతూనే పీహెచ్‌డీ పూర్తి చేసింది, ఆరు నవలలూ రాసింది.

ఈ పని ఎలాంటిదో ఇంట్లో చెబితే అర్థం చేసుకున్నది ఒక్క నాన్నే. రామతీర్థం గుళ్ళో కీర్తనలు పాడే మనిషి. "ఉత్సవ విగ్రహాన్ని ఊరేగించడం లాంటిదన్నమాట" అన్నాడు. "ఏ వీధికైనా తీసుకెళ్ళు, ఎంత అలంకారమైనా చెయ్యి. గోరంత గీత పడకుండా మళ్ళీ గుళ్ళో పెట్టాలి."

దాలయ్య మాత్రం కంపెనీ ఇచ్చిన పాత్ర కాదు. రెండో నవలకి కొత్త కెప్టెన్ కావాలన్నారు. అప్పుడు కౌముది కళింగపట్నం పక్క ఒక పల్లెలో, బెస్తవాళ్ళ సముద్రపు మాటల మీద, నమ్మకాల మీద పరిశోధన చేస్తోంది. అక్కడ ఇసకలో వల బాగుచేసుకుంటూ దాలయ్య అనే బెస్త, తన మాటలు ఆమె ఫోన్‌లో రికార్డవుతున్నా పట్టించుకోకుండా, ఆమె చేతిలో గొడుగుని ఎగతాళి చేసేవాడు. "ఆ గొడుగెట్టుకుని సంద్రంలకి రా మేడమ్మా, తెరసాప అక్కర్నేదు, గాలికి శ్రీలంక ఎల్లిపోదుము."

ఆ గొంతు, ఆ పేరు ఎత్తుకెళ్ళి అంతరిక్షంలో పెట్టుకుంటానని అడిగింది. దాలయ్య కాసేపు ఆలోచించి ఒకే షరతు పెట్టాడు.

"ఎట్టుకో. ఎంత పైకైనా తీసుకెల్లు. గాని ముంచకు. సంద్రం మీద తిరిగీవోడి పేరెట్టి సావు మాట అనకూడదు. సంద్రం ఇంటాది."

"మాటిస్తున్నాను దాలయ్య గారూ."

ఆ పాత్ర జనానికి తెగ నచ్చింది. సీరియల్‌వాళ్ళు నవలలోంచి తెరమీదకి లాక్కున్నారు. లాక్కున్నాక కెప్టెన్ వాళ్ళవాడైపోయాడు. ఇప్పుడు ఆఖరి భాగంలో నౌక పేలిపోవాలి, దాలయ్య చావు నవలలో రావాలి. పేరు మార్చమని ఎంత బతిమాలినా వినలేదు. అచ్చులో పేరే కదా, మనిషి కాదు కదా అని తనకి తాను సర్దిచెప్పుకుని ఇవాళ రాసేసింది.

మధ్యాహ్నం క్లాసు నుంచి తిరిగొచ్చేసరికి స్టాఫ్ రూము గుమ్మంలో అనూరాధ నిలబడి ఉంది. దాలయ్య కూతురు, ఫైనలియర్, హాస్టల్లో ఉంటుంది. నవలలు ఇంటికి తీసుకెళ్ళి పల్లెలో అందరికీ చదివి వినిపించేది ఈ పిల్లే.

"మేడమ్, నాన్న రానేదు."

"ఎక్కణ్నుంచి?"

"మొన్న ఏటకెల్లినాడు. అల్పపీడనం అని నిన్న అందరూ తిరిగొచ్చేసినారు. నాన్నా, ఇంకిద్దరూ ఎల్లిన బోటు ఒక్కటే రానేదు. ఫోన్ కలవట్నేదు." ఒక్కో మాటా నొక్కి చెబుతోంది. "అమ్మ మీతో మాటాడతానంటంది మేడమ్."

ఫోను చేతికొచ్చింది. వెనక గాలి హోరు, ఆడవాళ్ళ గోల. అందులోంచి గురమ్మ గొంతు.

"మేడమ్మా, ఒక్క మాట సెప్పు. ఆ ఆకరి పుస్తకంల మా ఆయన ఏటవుతాడు?"

కౌముది మాట తప్పించింది.

"గురమ్మ గారూ, కోస్ట్ గార్డుకి చెప్పారా? నేను కలెక్టరాఫీసులో తెలిసినవాళ్ళకి..."

"అందరికీ సెప్పినారు. అది మావోలు సూసుకుంతారు. నానడిగింది సెప్పు. మా గుంట అంటంది, ఫోన్లల అందరూ రాత్తన్నారంట, కెప్టెన్ సచ్చిపోతాడని. నువ్వు రాసినావా?"

"ఇంకా..." అంది కౌముది. అబద్ధం అక్కడే ఆగిపోయింది.

"రాసినావన్నమాట." తిట్టలేదు, ఏడవలేదు, చాలా మెల్లగా అంది గురమ్మ. "ఇంకా బైటికి ఎల్లనేదు గదా? ఎల్లనీకు తల్లీ."

కౌముది తిరిగి బల్ల ముందు కూర్చుంది. తన థీసిస్‌లో ఒక అధ్యాయం నిండా రాసింది ఇదే. ఇలాంటి నమ్మకాలు భయానికి మనుషులు కట్టుకునే గట్లు అనీ, వాటికీ సముద్రానికీ సంబంధం లేదనీ. వైవాలో ఈ మాటకే మెచ్చుకున్నారు. ఇప్పుడు ఎదురుగా ల్యాప్‌టాప్‌లో మెయిల్ సిద్ధంగా ఉంది, ఒక్క నొక్కుడు చాలు, వేలు మాత్రం ముందుకి రావట్లేదు.

ధనరాజ్ ఫోను. కంపెనీలో పుస్తకాలు చూసేది అతనే.

"మేడమ్, ప్రెస్సువాళ్ళు కూర్చునున్నారు. పంపేశారా?"

"ఒక్క మార్పు ఉందండి."

"ఇప్పుడా? మేడమ్, ప్లీజ్. చచ్చిపోతున్నాడు కదా? అదొక్కటి ఉంటే చాలు."

"ఐదింటికి పంపిస్తాను" అని పెట్టేసింది.

ఐదుకి ఇంకా కాస్త టైముంది. త్రినాథ్ ఎర్రపెన్ను పక్కన పెట్టి ఆమె మొహంలోకీ పిల్ల మొహంలోకీ చూశాడు. లేచి, "మీ క్లాసు నాను తీసుకుంతాను. బేగి కానీండి" అని వెళ్ళిపోయాడు. అనూరాధ గుమ్మం దగ్గరే గోడకానుకుని, చెవి దగ్గర ఫోనుతో, కలవని నంబరుకే మళ్ళీ మళ్ళీ కొడుతోంది.

ఎలా? నౌక పేలి తీరాలి, అది తెరమీద ఉంది. ఆ తర్వాత కెప్టెన్ కనపడకూడదు, అదీ ఉంది. కథలో ఒక్క ఇటుక కదిపినా ఒప్పుకోరు. కౌముది స్క్రిప్టు తెరిచి మళ్ళీ చదివింది. పేలిన నౌక. చీకటి. ఏడుస్తున్న సిబ్బంది. ఇంకోసారి చదివింది. పేలేటప్పుడు లోపల దాలయ్య ఉన్నాడని ఎక్కడా చూపించలేదు. ఆయన చావు ఆమె పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు!

వీపు నిటారుగా పెట్టి మొదలుపెట్టింది. ఇంజిను గది చెరిపేసింది. తలుపు చెరిపేసింది. నౌక వెనక వేలాడే చిన్న పడవ దగ్గరికి దాలయ్యని నడిపించింది. సిబ్బంది అంతా వరసగా నిలబడ్డారు. అక్కడ ఆగిపోయింది. వాళ్ళు ఏదో ఒకటి అడగాలి కదా, కెప్టెన్ వెళ్ళిపోతుంటే!

"అనూ, మీ నాన్న బోటెక్కేటప్పుడు మీరేమంటారు?"

"ఏటీ అనం మేడమ్." ఆ పిల్ల చున్నీతో ముక్కు తుడుచుకుంది. "ఎక్కడికని అస్సలడగం. అలగడిగితే ఎల్లినోడు తిరిగి రాడంతారు. అమ్మ సద్ది మూట అందించి ఎనక్కి తిరిగిపోద్ది. అంతే."

అంతే. అదే రాసింది. సిబ్బందిలో అందరికంటే చిన్నది కెప్టెన్ చేతికి సద్ది మూట అందించింది. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు. పడవ నల్లటి శూన్యంలోకి జారింది. వాళ్ళు వెనక్కి తిరిగారు, వేరే పడవల్లో దిగిపోయారు, ఖాళీ నౌక పేలిపోయింది. పుస్తకం అయిపోయింది.

రెండోసారి చదవలేదు. చదివితే భయపడుతుందని తెలుసు. నొక్కేసింది.

ధనరాజ్ వెంటనే చేశాడు.

"ఇదేంటి మేడమ్? చావేది?"

"నౌక పేలింది. ఆయన ఇంక కనపడడు. మీ కథలో నేనేమీ మార్చలేదు."

"జనం ఏడవాలి మేడమ్! సద్ది మూటేంటి? పాతది పంపండి. రాసేశానన్నారు కదా."

"చెరిపేశాను."

"మళ్ళీ రాయండి. ఒక గంట ఇస్తాను."

"రాయనండి."

అతని గొంతులో బతిమాలడం పోయింది. "అయితే ఇంకొకరితో రాయిస్తాం. ఆ హక్కు మాకుంది. పుస్తకం మీద మీ పేరుండదు. వచ్చే సీరియల్ సంగతి ఇంక మర్చిపోండి."

"నా పేరుతోపాటు ఆయన పేరు కూడా తీసెయ్యండి ధనరాజ్ గారూ. చేతులెత్తి అడుగుతున్నాను. ఆయన నిజంగా ఇప్పుడు సముద్రం మీదున్నాడు."

"ఆ పేరు కంపెనీది మేడమ్" అన్నాడు ధనరాజ్ కాస్త మెత్తగానే, ఫోను పెట్టేశాడు.

కంపెనీదట. వాళ్ళ గుళ్ళో దేవుడా దాలయ్య? ఇసకలో వల బాగుచేసుకునేవాణ్ని తనే ఎత్తుకొచ్చి ఊరేగించింది. గీత పడకుండా తిరిగి పెట్టాల్సిన చోటు ఆ ఇసకే. తన చేత్తో మాత్రం పెట్టింది. వేరే చేతులని ఆపడం ఆమెవల్ల కాలేదు.

ఫోను తీసుకుని పల్లెకి చేసింది. "గురమ్మ గారూ, నేను పంపినదాంట్లో ఆయన చావలేదు" అంది. మిగతాది నోటిదాకా వచ్చినా, ఈ గాలిలో నిలబడ్డ మనిషికి చెప్పలేకపోయింది.

"మంచిది తల్లీ" అంది గురమ్మ.

కాలేజీ ఖాళీ అయింది. త్రినాథ్ రెండు టీలు పంపించాడు. అవి తాగాలని ఇద్దరికీ గుర్తులేదు. బయట మబ్బు కమ్ముకొచ్చింది, కిటికీ రెక్క కొట్టుకుంటోంది, అనూరాధ దాన్ని మూయడానికి లేచేసరికి ఫోను మోగింది. తెలియని నంబరు. ఎవరో ఒడియాలో గబగబా ఏదో అంటున్నారు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, వచ్చీరాని హిందీలో "కౌన్? కౌన్?" అంటోంది. ఆ గొంతుని తోసుకుని ఇంకో గొంతు.

"ఒసే గుంటా, నానే. ఇంజిను సెడిపోనాది. గాలి గోపాలపూర్ కాడికి తోసీసినాది. పొద్దున్నే ఒడ్డెక్కినాం. ఈలు అన్నమెట్టినారు. అందరి ఫోన్లూ నీల్లల పడిపోతే నంబరు గేపకం రాదేటి! ఇప్పుడే గేపకమొచ్చినాది."

అనూరాధ నేలమీద కూచుని గట్టిగా ఏడ్చేసింది. కౌముది కిటికీ చువ్వ పట్టుకుంది. పొద్దున్నే ఒడ్డెక్కారు. అంటే ఇంజిను గది తలుపు వేయించి ఆయన్ని పేల్చేస్తున్నప్పుడు ఆ మనిషి గోపాలపూర్‌లో ఎవరింటి ముందో కూచుని అన్నం తింటున్నాడు. థీసిస్‌లో రాసింది రాసినట్టే నిజం. ఈ సంగతి గురమ్మకి మాత్రం ఎన్నడూ చెప్పదు.

"అమ్మ ఏటంతంది?" అని అడిగాడు దాలయ్య. కూతురు ఎక్కిళ్ళ మధ్యే పుస్తకం సంగతి చెప్పేసింది. అటువైపు నవ్వు. "మీ మేడముందేటి? ఇయ్యి."

కౌముది ఫోను అందుకుంది.

"ఏటి మేడమ్మా, నన్ను సంపీసినావంట?"

"లేదు దాలయ్య గారూ. రేపో ఎల్లుండో ఇంకెవరో మీ పేరు పెట్టి చంపుతారు. ఆపలేకపోయాను. నేను రాసినదాంట్లో మాత్రం మీరు చిన్న పడవెక్కి వెళ్ళిపోయారు."

"ఇంకెవుడో రాత్తే ఆడికీ సంద్రానికీ. మనకేటి?" అన్నాడు. తర్వాత కుతూహలం ఆపుకోలేక, "గాని పడవెక్కి ఎల్లినానన్నావు సూడు, ఎక్క..."

చటుక్కున ఆగిపోయాడు. నాలిక కరుచుకున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

"ఒద్దు, ఒద్దు. సెప్పకు" అన్నాడు దాలయ్య.