ఓర్సొలా ఊపిరి గీతలు

కార్నివాల్ పండగకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. కొత్త ఒపెరాకు కొత్త సంగీతం కట్టే ఓపిక గాస్పరో బెల్లిన్‌కు లేదు. వెనిస్‌లో తన తోటి సంగీతకర్తలు చేసే పనే అతనూ చేస్తున్నాడు. తన పాత ఒపెరాల్లోంచి పాటలు ఏరి, పాత మాటల మీద కొత్త మాటల చీటీలు అంటించి, కథకు అతికిస్తున్నాడు. ఒకప్పుడు ఓడిపోయిన సేనాపతి ఏడ్చిన పాటను ఇందులో తోటమాలి పాడతాడు. ఎవరూ పట్టించుకోరు.

మూడో అంకంలో రాణి పాట ఒక్కటే మిగిలింది.

"ఉందిగా ఒకటి," అన్నాడు నకళ్లు రాసే వెరార్దో, మూలనున్న చిన్న పెట్టె వైపు చూడకుండా.

"అది తప్ప."

"ఉన్నవన్నీ వెతికాం గాస్పరో. రాణిగారేం చేస్తుంది మరి? జలుబు చేసిందని చెప్పి ఇంటికెళ్లిపోతుందా?"

అది గాస్పరో కూతురు ఓర్సొలా పాట. రంగస్థలం మీద ఆమె చివరగా పాడింది అదే. దగ్గు మొదలైన ఏడాది అది. ఆమె ఆ చలికాలం దాటలేదు. ఆ పాటను మరో గొంతుకు ఇవ్వనని గాస్పరో తనలో తను అనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం దాకా తను వాయించే మీటల వాద్యం, హార్ప్సికార్డ్ ముందు కూర్చున్నాడు. నాలుగు స్వరాలు కూడా కుదరలేదు. చివరికి తనే లేచి పెట్టె తెరిచాడు.

"మాటలు మార్చి నకలు తియ్యి," అన్నాడు.

రెండు రోజుల తర్వాత సాధనలో, రాణి వేషం కట్టే కమిల్లా నాలుగు వరుసలు పాడి ఆగిపోయింది.

"ఇదేం పాట మాస్టారూ! ఇక్కడ ఊపిరి తీసుకోమన్నారు, రెండు స్వరాలు దాటగానే మళ్లీ ఇక్కడ. నేను రాణినా, మెట్లెక్కుతున్న ముసలమ్మనా?"

వయొలిన్ల వాళ్లు నవ్వారు.

గాస్పరో కాగితం అందుకున్నాడు. స్వరాల మధ్య సిరాతో సన్నని గీతలు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఏ గాయనికి ఆ గాయనే గీసుకునే గుర్తులవి; ఇవి ఓర్సొలావి. నకలు రాసేవాడు అలాంటివాటిని దించడు. వెరార్దో ముఖం పాలిపోయింది.

"నా చెయ్యి పడిపోను! నిద్ర లేక, కంటికి కనబడిందల్లా దించేశాను. ఇటివ్వు, గీకేస్తాను."

"నేను గీకుతాను."

కిటికీ దగ్గర కూర్చుని గాస్పరో చాకు మొనతో ఒక్కొక్క గీతనూ గీకాడు. పదకొండు. పాట చివరికొచ్చేసరికి మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆనాడు ఓర్సొలా పక్కనే వాయిస్తూ, ఆమె సొగసు కోసం ఆగుతోందనుకున్నాడు. బాగుందని మెచ్చుకున్నాడు కూడా.

"ఇక హాయిగా పాడుకో అమ్మాయ్," అని కాగితం తిరిగిచ్చాడు.

మొదటి ఆటనాడు కమిల్లా వరుస మొత్తం ఒక్క ఊపిరిలో పాడేసింది. చప్పట్లు మోగాయి. ఆ ఒపెరా నాలుగు రోజులాడింది. తర్వాత దాని పేరు కూడా ఎవరూ తలవలేదు.

ఆ నాలుగు రోజులూ రాణి పాటలో హార్ప్సికార్డ్ పదకొండు చోట్ల రవ్వంత వెనకబడింది.

"ఏమిటి మాస్టారూ, అక్కడక్కడా ఆగుతున్నారు?" అని వయొలిన్ వాయించేవాడు అడిగాడు.

"పెద్దవాణ్ణయ్యాను కదయ్యా," అన్నాడు గాస్పరో, కాగితాలు సర్దుకుంటూ.