చాయ్ కంటే ముందు గంట

మా ఇంట్లో దీపం పెట్టకముందు కోడలి నోట్లోకి ఏదీ పోకూడదు. వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి, ముగ్గేసి, స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టాలి. ఆ తరువాతే చాయ్. అదీ మొదటి గ్లాసు అత్తమ్మకి, రెండోది మా ఆయన మధుకర్‌కి, గిన్నె అడుగున మిగిలింది నాకు. ఆ అడుగు చాయ్‌తోనే నేను థైరాయిడ్ గోలీ మింగేదాన్ని. పరగడుపున వేసుకోమన్నారు కదా, అప్పటికి నేను మెతుకు ముట్టలేదు కదా, అదే పరగడుపు అనుకున్నాను. మా వైపు చాయ్‌ని ఎవరూ తిండి కింద లెక్కపెట్టరు. శనివారం ఒక్కపొద్దు నాడు మా అత్తమ్మ నర్సవ్వ ఎన్నిసార్లు చాయ్ తాగినా ఆ ఒక్కపొద్దుకి ఏమీ కాదు. దేవుడికే లేని పట్టింపు ఇంత చిన్న గోలీకి ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

నా అలసట గురించి చెప్పాలంటే మాటలు చాలవు, చెప్పే ఓపికా లేదు. లేవగానే మళ్లీ ఎప్పుడు పడుకుంటానా అని చూసేదాన్ని. చీపురు పట్టుకుంటే ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టుండేది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, దువ్వెన నిండా జుట్టే. బాన్సువాడ ఎండలకి అందరూ కూలర్ల ముందు కూర్చుంటే నేను దుప్పటి వెతుక్కునేదాన్ని. దీనికి ఒక పేరుందని, రక్తం తీసి చూస్తే తెలుస్తుందని డాక్టరు చెప్పిన తరువాత కూడా ఇంట్లో నాకున్న పేరు మారలేదు. “గీమెది బద్ధకం రోగం,” అనేవాడు మధుకర్, చుట్టాల ముందు, నవ్వుతూ. “కూసోని తింటే ఒళ్లు రాక ఏమైతది?” కూర్చుని తిన్నది ఎప్పుడో నాకైతే గుర్తులేదు. అత్తమ్మది ఇంకో పాట. “పిల్లల్ని గట్టు మీద పండవెట్టి నాట్లేసినం మేము. గీ నిద్రలు, గీ గోలీలు మేమెరుగం.” ఏదైనా పెళ్లికి పోతే ఎవరో ఒకరు నా పొట్ట వైపు చూసి, “ఏందే రోజా, విశేషమా?” అనేవారు. నా కూతురు ప్రవళిక నిజామాబాద్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇప్పుడు విశేషమేమిటి, నా తలకాయ.

ఇవన్నీ పడ్డాను. దుకాణం సంగతి మాత్రం పడలేకపోయాను. బస్టాండు దారిలో మాకు ఎరువుల దుకాణం ఉంది. మాకు అంటే మధుకర్‌కి. బోర్డు మీద ఆయన పేరు, లోపల స్టూలు మీద నేను. ఆయన బీర్కూర్, కోటగిరి రైతుల దగ్గరికి తిరుగుతుంటే కౌంటర్ నేను చూసుకుంటాను. ఇంట్లో వంట చేసి వచ్చి కూర్చుంటాను, అక్కడి నుంచి పోయి మళ్లీ వంట చేస్తాను. దాన్ని ఎవరూ పని అనరు. “దుకాణంల ఊకె కూసుంటది” అంటారు. అయినా నాకు ఆ స్టూలంటే ప్రాణం. బీఎస్సీ చదివిన బుర్రకి అక్కడే కాస్త మేత దొరికేది. రైతులు వరి ఆకు తెచ్చి చూపిస్తే తెగులేమిటో చూసి మందు ఇచ్చేదాన్ని. “అక్క ఉన్నదా?” అని అడుగుతూ వచ్చేవాళ్లు.

మొన్న యాసంగి పంటప్పుడు బీర్కూర్ ఆశన్న పురుగు మందు అడిగితే గడ్డి మందు డబ్బా ఇచ్చాను. ఇచ్చినట్టు కూడా నాకు గుర్తులేదు. పొలానికి పోయాక డబ్బా చూసుకుని ఆయన వెనక్కి వచ్చాడు. చూసుకోకుండా కొట్టి ఉంటే పొలం మాడిపోయేది. “ఏం కాలే అక్కా, మార్చియ్యి,” అన్నాడు మెల్లగా, మధుకర్‌కి వినపడకూడదని. మధుకర్ విన్నాడు. “ఈమెకు బుర్ర పనిచేస్తలేదన్నా,” అన్నాడు దుకాణంలో ఉన్న అందరికీ వినపడేలా. వాళ్లంతా పోయాక నాతో, “ఇగ నువ్వు రాకు. ఇంట్ల పండుకో,” అన్నాడు. పడుకోమన్నందుకు ఏడ్చిన ఆడది నేనొక్కదాన్నే అయ్యుంటాను. నా బుర్ర నాకు తిరిగి కావాలి, ఆ స్టూలు మీదికి మళ్లీ పోవాలి. వేరే కోరికలకి నా దగ్గర బలం లేదు.

డాక్టరు దగ్గర నా తరఫున మధుకరే మాట్లాడతాడు. “నిద్ర బాగ పోతది సార్. అన్నీ మర్సిపోతది. కోపం గూడ జరంత ఎక్కువనే.” డాక్టరు రాసుకుంటూ, “గోలీ పరగడుపునే వేసుకుంటోందా?” అంటాడు. “అవ్ సార్, పొద్దుగాలనే.” పక్క కుర్చీలో నేను తల ఊపుతాను. రిపోర్టులో థైరాయిడ్ అంకె దిగదు. డాక్టరు మోతాదు పెంచుతాడు. మళ్లీ అంకె దిగదు, మళ్లీ పెంచుతాడు. బయటికి వచ్చాక మధుకర్ బండి స్టార్ట్ చేస్తూ, “ఎన్ని గోలీలు మింగినా నీకు తక్కువనే,” అంటాడు. నా ఒళ్లే కావాలని మొండికేసిందన్నట్టు ఉండేది ఆ మాట.

మే నెలలో మళ్లీ రక్తం ఇవ్వాల్సి వచ్చింది. దుకాణానికి సరుకు లారీ వచ్చిందని మధుకర్ నన్ను ల్యాబ్ ముందు దింపేసి వెళ్లిపోయాడు. లోపల ఒక పొడుగాటి బెంచీ, దాని పైన గిర్రున తిరుగుతున్న ఫ్యాన్. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్దామె చెవులు కనపడకుండా స్కార్ఫ్ కట్టుకుంది. ఆ చివర ఒక అమ్మాయి చున్నీని మెడకి రెండు చుట్లు చుట్టుకుంది.

“బిడ్డా, గా ఫ్యాన్ బంద్ చెయ్యి జర,” అంది పెద్దామె.

రక్తం తీసే అమ్మాయి నుదుటి చెమట తుడుచుకుంటూ, “ఎండకాలంల ఫ్యాన్ బంద్ చేయమంటరేందమ్మా!” అంది.

“చెయ్యమ్మా,” అన్నాను నేను. “ప్లీజ్,” అంది చివరి అమ్మాయి.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పెద్దామె ముందుకి వంగి, “మీకు గూడ థైరాయిడేనా?” అంది. నేను నవ్వాను. నాకే వింతగా అనిపించింది, నాకు నవ్వొచ్చి చాలా కాలమైంది.

పెద్దామె దేవీబాయి, మద్నూర్ నుంచి వచ్చింది. తెలుగు మాట్లాడుతూ మధ్యమధ్యలో మరాఠీలోకి జారిపోతుంది. చివరి అమ్మాయి పల్లవి, కోటగిరిలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తుంది. “హాజరు పిలుస్తుంటే పిల్లల పేర్లు నోట్లకు రావు అక్కా,” అంది పల్లవి. “మా హెడ్ సార్ అందరి ముందట, మేడం ఇంకా నిద్ర లేవలే అంటడు.” అప్పుడు నేను గడ్డి మందు సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పాక, అయ్యో పొలం మాడిపోయేది కదా, నీ బుర్రకేమైంది అంటారని కాచుకుని కూర్చున్నాను. దేవీబాయి తేలిగ్గా చెయ్యి ఊపింది. “అగ బాయీ, నేను ఇంటికి పోదామని మద్నూర్ బస్సనుకొని నిజామాబాద్ బస్సెక్కిన. కండక్టర్ దింపేదాక తెల్వలే. మా కోడలు ఇప్పటికి నవ్వుతది.” మా ఇంట్లో నా రోగం గురించి ఇన్ని మాటలు విన్నాను, ఒక్కరూ ఇలా తమ పొరపాటు చెప్పుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకోలేదు.

మోతాదు పెంచుతూనే ఉన్నారని, ఏమీ తగ్గడం లేదని చెప్పాను. “గోలీ ఏస్కున్నంక చాయ్ ఎంతసేపటికి తాగుతరక్కా?” అంది పల్లవి.

“చాయ్‌తోనే ఏస్కుంట.”

పల్లవి నోరు తెరిచింది. దేవీబాయి నెత్తి కొట్టుకుంది. “నేను గూడ గట్లనే ఏస్కున్న, ఏండ్ల కొద్ది! చాయ్ ఏమన్న తిండా అనుకున్న. డాక్టర్ మొత్తుకున్నడు. గోలీకి ఉట్టి నీళ్లే. చాయ్ గంట ఆగినంకనే.”

“మా ఇంట్ల దీపం పెట్టకముందు ఏం ముట్టనియ్యరు,” అన్నాను.

“దిండు కింద పెట్టుకో. కండ్లు తెరవంగనే ఏస్కో,” అంది దేవీబాయి. “అప్పటికింక దేవుడు గూడ లేవడు.”

రక్తం ఇచ్చి బయట మెట్ల మీద నిలబడ్డాను. నాకు కోపం రావాలి కానీ ముందు ఏడుపొచ్చింది. నేను బద్ధకస్తురాలిని కాదు. నా ఒళ్లు మొండిదీ కాదు. ఇన్నాళ్లూ ఆ గోలీ నాకు అందనే లేదు, అంతే. ఏడుస్తుంటే పల్లవి వచ్చి నా ఫోన్ తీసుకుని తన నంబరూ, దేవీబాయి నంబరూ ఎక్కించి పోయింది. పోయే ముందు వీపు మీద ఒకసారి చెయ్యి వేసింది.

సాయంత్రం రిపోర్టు పట్టుకుని మధుకర్‌తో డాక్టరు దగ్గరికి వెళ్లాను. అంకె ఇంకా పెరిగింది. డాక్టరు కలం తీసి, “పరగడుపునే వేసుకుంటోందా?” అన్నాడు. “అవ్ సార్, పొద్దుగాలనే,” అన్నాడు మధుకర్.

“కాదు సార్,” అన్నాను. నా బొంగురు గొంతు ఆ గదిలో నాకే కొత్తగా వినిపించింది. “చాయ్‌తోని ఏస్కుంటున్న. ఇన్నొద్దులు గట్లనే ఏస్కున్న.”

డాక్టరు కలం కింద పెట్టాడు. మధుకర్ వైపు నుంచి నా వైపు తిరిగి, “అయితే మోతాదు పెంచను. ముందు సరిగ్గా వేసుకో. లేవగానే మంచినీళ్లతో, చాయ్‌కి గంట ముందు. తరువాత చూద్దాం,” అన్నాడు. ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. మధుకర్ ఇంటి ముందు బండి ఆపి, “గంత కూడ తెల్వదా నీకు? డాక్టర్ ముందట నన్ను అబద్ధాలోన్ని చేస్తివి,” అన్నాడు. నేను ఇన్నాళ్లు పడ్డదానికంటే అదే ఆయనకి పెద్దగా కనిపించింది.

లోపల అత్తమ్మ సంగతి విని మొహం మాడ్చుకుంది. “దీపానికి ముందుగాల్నే గోలీ మింగుతవా? గా ముచ్చట ఎక్కడన్న ఉన్నదా?” మధుకర్ తల్లికి తీర్పు చెప్పాడు. “ఏస్కోనియ్యే అవ్వా. గోలీ ఏస్కొని పనులు చేస్కుంటది. ఊడ్చి తానం చేసి దీపం పెట్టేసరికి గంట అదే అయితది. అప్పుడే చాయ్ పెడ్తది.”

సబబైన మాట. గోలీ దారి గోలీది, ఇంటి దారి ఇంటిది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. నేను సరే అనాల్సింది. కానీ ఆ గంట ఎంత త్వరగా వాకిలికి, చీపురికి, ముగ్గుకి పంచేశాడో చూశాను. నా రోగానికి ఇచ్చిన గంటని కూడా ఇల్లే తినేస్తోంది.

“పనులు చెయ్య,” అన్నాను. “గోలీ ఏస్కున్నంక గంట సేపు కూసుంట.”

“డాక్టర్ చెప్పిండా కూసోమని?”

“డాక్టర్ చెప్పలే. నేను చెప్తున్న. పెయ్యి బాగైనంక దుకాణానికి గూడ వస్త. గా స్టూలు ఎవ్వరికి ఇయ్యకు.”

మధుకర్ నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు.

తెల్లవారి కళ్లు తెరవగానే గోలీ వేసుకుని, గ్లాసెడు నీళ్లు తాగి, వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాను. ఒక్క గోలీతో ఏమీ మారదు, ఒళ్లు ఎప్పటిలాగే బరువుగా ఉంది. కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. వాకిట్లో చెత్త నన్నే చూస్తున్నట్టుంది. చేతులు ఊరికే ఉండలేక కొంగు నలుపుతున్నాయి. ఎదురింటామె సాన్పు చల్లుతూ రెండుసార్లు ఇటు చూసింది.

అత్తమ్మ బయటికి వచ్చి ఊడ్వని వాకిలినీ, నన్నూ చూసింది. చీపురు తీసుకుని విసురుగా సగం దాకా ఊడ్చింది. నడుము పట్టుకుని ఆగిపోయింది. నాకు లేవాలనిపించింది. నిజంగా లేవబోయాను. లేస్తే రేపటి నుంచి ఈ గంట ఉండదు. మళ్లీ కూర్చున్నాను.

“సగం చాలు అత్తమ్మా,” అన్నాను. “ఇయ్యాలటికి సగం వాకిలి చాలు.”

ఆమె నా వైపు చూసింది. తిట్టడానికి నోరు తెరిచిందనే అనుకున్నాను. “గంట సేపు ఏం చేస్తవే?” అంది.

“ఏం చెయ్య.”

“ఏం చెయ్యకుంట ఎట్ల కూసుంటరే?”

ఎత్తిపొడుపు కాదు. ఆమెకి నిజంగా తెలియదు. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఈ వయసు దాకా ఒక్క పొద్దున కూడా ఆమె ఊరికే కూర్చుని ఉండదు, ఎవరూ కూర్చోమని కూడా అని ఉండరు. నాట్ల సంగతి ఆమె గొప్పగా చెప్తుందని ఇన్నాళ్లూ ఒళ్లు మండేది. అప్పుడు ఆమె ఒళ్లు ఎంత అలిసిందో నేనెప్పుడూ అడగలేదు.

“నాక్కూడ తెల్వది అత్తమ్మా,” అన్నాను పక్కకి జరుగుతూ. “జర కూసో, చూద్దాం.”

చీపురు గోడకి ఆనించి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా నా పక్కన కూర్చుంది. లోపలి నుంచి మధుకర్ కేకేశాడు. “అవ్వా, చాయ్ ఏది?”

అలవాటు కొద్దీ నా కాళ్లు కదిలాయి. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

“పాలు ఫ్రిజ్‌ల ఉన్నయ్ బిడ్డా,” అంది కొడుకుతో, లోపలికి తిరగకుండానే.