పదమూడోవాడు

గచ్చు మీద బ్లీచింగ్ నీళ్ళు ఆరకముందే మహ్జూబా బకెట్‌ను మళ్ళీ ముందుకు జరిపింది. మగవాళ్ళ వార్డులో మంచాలు రెండు వరుసలు. సముద్రం వైపు కిటికీ దగ్గర మొదలుపెట్టి తలుపు వైపు తుడుచుకుంటూ రావడం ఆమె అలవాటు. వంగితే నడుము పట్టేస్తుంది, లేస్తే మోకాళ్ళు కలుక్కుమంటాయి. తుడుస్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉంటాయి. చూసినవాళ్ళు పాపం దువా చదువుకుంటోందనుకుంటారు. ఆమె చదివేది ఏడో ఎక్కం.

"ఏడెనిమిదులు?" అవతలి వరుస తుడుస్తున్న రఖియా ఉన్నట్టుండి అడిగింది.

"యాభై ఆరు."

"అబ్బో! ఇంకేం, డాక్టరు కుర్చీలోంచి ఆయన్ని లేవమందామా?"

మహ్జూబా నవ్వలేదు. నవ్వడానికి కూడా కొంత ఓపిక కావాలి. తెల్లవారకముందే లేచి పిండి పిసికింది. రొట్టెలు చెక్కపలక మీద పెట్టుకుని వీధి చివరి ఉమ్మడి పొయ్యికి మోసింది. అవి కాలేలోగా గోడకి ఆనుకుని భిన్నాలు చదివింది. భర్త సార్డీన్ పడవల మీద పనిచేసేవాడు. ఒక ఏడాది చేపలు దక్షిణానికి పోయాయని వాటి వెనకే అగాదీర్ పోయి అక్కడే మరో ఇల్లు కట్టుకున్నాడు. కూతురు పెళ్ళయి వెళ్ళిపోయింది. యాభైకి దగ్గరపడిన మనిషికి ఎక్కాలతో ఏం పని అని వీధిలో అందరూ అడిగారు. కొందరు మొహం మీదే అడిగారు.

పని ఉంది. సాఫీ పట్టణపు రేవు దగ్గరి ఆ ఆసుపత్రిలో ఆమె చీపురు పట్టి చాలా ఏళ్ళయింది. చేరిన కొత్తలో, వాంతి చేసుకుంటూ ఊపిరాడని ఒక జాలరిని పక్కకు తిప్పి వీపు నిమిరింది. అప్పటి హెడ్ నర్సు నలుగురిలో కేకలేసింది: "బాత్రూములు కడిగిన చేత్తో రోగిని ముట్టుకుంటావా?" ఆ మాట మేకులా దిగబడిపోయింది. రోగి మీద చేయి వేసే హక్కు తనకు కావాలి, అంతే. దానికి నర్సు సహాయకురాలి చదువు ఉంది. పెద్ద వయసువాళ్ళనీ తీసుకుంటారు. పడక మార్చడం, ఒళ్ళు తుడవడం, పుళ్ళకు కట్లు కట్టడం, అన్నిట్లోనూ ఆమే ముందు. లెక్కల పేపరొక్కటే కొరకరాని కొయ్య అయి కూర్చుంది. మూడుసార్లే రాయనిస్తారు. రెండుసార్లు పోయింది. మూడోది ఇవాళే, మధ్యాహ్నం మూడింటికి.

మొదటిసారి నిజంగానే రాలేదు. రెండోసారి పోయిన తీరు మాత్రం ఇప్పటికీ తలచుకుని రఖియా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. పన్నెండుమంది రోగులకు తలా రెండు వందల మిల్లీలీటర్ల సూపు కావాలంటే మొత్తం ఎంత కాచాలి అని ప్రశ్న. మహ్జూబా రెండువేల ఆరు వందలని రాసింది. పాఠం చెప్పే కౌసర్, కూతురి ఈడు పిల్ల, పేపరు ముందేసుకుని, పిన్నీ అన్నట్టు ఖాల్తీ అని పిలుస్తూ అడిగింది.

"ఖాల్తీ, పన్నెండుమందే కదా. ఈ పదమూడోవాడెవడు?"

"ఎవరో ఒకరు వస్తారు కదమ్మా."

"ఎవరొస్తారు?"

"ఏమో. తలలు లెక్కపెట్టి వండితే ఆ ఇల్లు ఇల్లేనా? మా అమ్మ ఏనాడూ అలా వండలేదు. తలుపు తట్టినవాణ్ణి ఏమని పంపిస్తాం?"

కౌసర్ తలూపింది. మార్కు మాత్రం వేయలేదు. "సూపంటే సరే ఖాల్తీ. రేపు ఇది మందవుతుంది. మందుకి చుట్టాలుండరు," అంది.

ఆ మాట న్యాయమేనని మహ్జూబాకు తెలుసు. చేతికే తెలియదు. ఇంట్లో లెక్కలు చేసినప్పుడల్లా ఆ చేయి తనంతట తానే ఒకరిని కలిపేస్తుంది.

కిటికీ పక్క మంచం మీద, అందరూ నాన్నా అన్నట్టు 'బా' అని పిలిచే ముసలి అల్లాల్ కళ్ళు తెరిచాడు. కుమ్మరుల గుట్ట మీద బతుకంతా చక్రం తిప్పిన మనిషి. బట్టీల పొగ ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నా అనేవాళ్ళు లేరు. అతని నుదురు చెమటతో తడిసి, ముక్కు పక్కన చర్మం మైనంలా పాలిపోయి ఉంది. ఆ రంగు మహ్జూబాకు తెలుసు. ఇదే వార్డులో, కొందరి చివరి రోజున చూసింది.

"ఇవాళేనా?" అన్నాడతను.

"ఇవాళే, బా."

"పాసైతే సూది నాకే వేస్తావా?"

"నీకే."

"నీ గురి నాకు తెలుసు. గోడకి గుచ్చుతావు."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక అతని చేయి దుప్పటి మీద పాకి ఆమె ఏప్రన్ అంచు పట్టుకుంది. వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి, పట్టులో బలం లేదు. ఉండమని అడగలేదు. అడిగితే ఉండిపోయేదేమో. మహ్జూబా అటూ ఇటూ చూసి, ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి దుప్పటి కింద పెట్టింది.

"పోయిరా," అన్నాడు కళ్ళు మూసుకుని. "నేనెక్కడికి పోతాను?"

తలుపు దగ్గర మహ్జూబా రఖియా చేయి పట్టుకుంది. "ఒక కన్ను అతని మీదే ఉంచవే. మనిషి వాలకం బాలేదు. ఏమైనా అయితే చెవి దగ్గర షహాదా చెప్పు. దేవుడి మాట వినకుండా, పక్కన మనిషి లేకుండా పోకూడదు."

"నేను లేనూ? నువ్వెళ్ళు. ఈసారి మాత్రం ఆ పదమూడోవాణ్ణి ఇంట్లోనే కూర్చోబెట్టి వెళ్ళు."

పరీక్ష గదిలో ఎండ ఏటవాలుగా బల్లల మీద పడింది. చుట్టూ పడుచుపిల్లలు, వాళ్ళ అత్తరు వాసన. తన చేతుల నుంచి బ్లీచింగ్ వాసన. మహ్జూబా కలాన్ని చీపురులా గట్టిగా పట్టుకుని ఒక్కో ప్రశ్నా దాటుకుంటూ వచ్చింది. శాతాల్లో ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. భిన్నాల దగ్గర చెమట పట్టింది. ఏప్రన్ అంచు మీద ఆ వేళ్ళు ఇంకా ఉన్నట్టే అనిపించింది. లేచిపోదామా అని రెండుసార్లు అనుకుంది. ఇప్పుడు లేచిపోతే ఇక జన్మంతా చీపురే.

చివరి ప్రశ్న: వార్డులో పన్నెండుమంది రోగులు. ఒక్కొక్కరికి సారికి ఐదు మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లు మందు. రోజుకు మొత్తం ఎంత?

చేయి యథాప్రకారం పదమూడు వైపే వెళ్ళింది. ఒకటి వేసి, మూడు వేయబోయి ఆగింది. కళ్ళు మూసుకుని తమ వార్డును తలుచుకుంది. రెండు వరుసలు, పన్నెండు మంచాలు. కిటికీ పక్కన బా అల్లాల్‌ను కూడా లెక్కేసుకుంది. తలుపు తట్టే ఆ ఎవరినో ఈ ఒక్కసారికి బయటే నిలబెట్టింది. తప్పు చేస్తున్నట్టే అనిపించింది. నూట ఎనభై అని రాసింది.

కౌసర్ పేపర్లు అక్కడికక్కడే దిద్దింది. చివరి జవాబు దగ్గర ఎర్రకలం ఆగింది, ఆ పిల్ల మొహం విప్పారింది.

"ఖాల్తీ! పాస్! అంచు మీదే అనుకో, అయినా పాసే!"

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి, తల్లీ."

"అదేంటి, అలా ఉన్నావు? సంతోషంగా లేదా?"

"ఉంది. కాళ్ళు పీకుతున్నాయి, అంతే."

తిరుగు టాక్సీలో ఆరుగురి మధ్య ఇరుక్కుని కూర్చుంది. నిజంగానే సంతోషం కలిగింది, రేవు మలుపు దాకా. మొదటిగా అతనికే చెప్పాలనుకుంది. చెప్పి, అందరూ చూస్తుండగా దిండు సవరించాలనుకుంది.

రఖియా వార్డు తలుపు దగ్గరే ఎదురొచ్చింది. ఆమె మొహం చూశాక ఏమైందని అడగనక్కరలేకపోయింది.

"ఎప్పుడు?"

"సాయంత్రం అస్ర్ నమాజుకి ముందు."

"పక్కన ఎవరున్నారు?"

రఖియా తలగుడ్డ అంచు నలుపుకుంది. "మూలమంచం ఆయన కిందపడ్డాడు, తల పగిలింది. నర్సుతో పాటు నేనూ అటు పరిగెత్తాను. ఎంతసేపనుకున్నావ్? రెండు నిమిషాలు. తిరిగొచ్చేసరికి..." ఏడుపు ఆపుకోలేకపోయింది. "నువ్వుంటే ఇలా అయ్యేది కాదు."

తిట్టడానికి మహ్జూబాకు నోరు రాలేదు. ఆ రెండు నిమిషాలు రఖియావి కావు, తనవి. ఎవరూ లేనివాడికి ఎవరో ఒకరు కావడానికే ఈ చదువంతా. ఆ ఒక్కడినీ వదిలేసి లెక్క సరిచేసి వచ్చింది. అస్ర్‌కి ముందంటే, తాను పన్నెండుమందిని లెక్కేస్తున్న వేళకే ఇక్కడ పదకొండుమంది. వచ్చేవాడికోసం ఒకటి కలపడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. పోయేవాణ్ణి తీసేయడం అమ్మ నేర్పలేదు, కౌసరూ నేర్పలేదు.

"పరీక్ష?" రఖియా ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"అయింది. పాస్."

రఖియా ఆమెను కావలించుకుంది. మహ్జూబా మెల్లగా విడిపించుకుంది. తర్వాత ఏప్రన్ కట్టుకుని, బకెట్ నింపుకుని, కిటికీ వైపు నడిచింది. పరుపు మడిచేశారు. ఇనప పట్టీల మీద సాయంకాలపు వెలుగు పడుతోంది. ఆమె అరచేయి ఒకసారి ఆ పట్టీల మీద ఉంచి, అతని చెవిలో చెప్పాల్సిన షహాదా మాటలు ఆలస్యంగా చెప్పింది. అవి ఎవరికి చేరతాయో ఆమెకు తెలియదు.

తుడవడానికి వంగింది. మంచం కింద, ఎవరి కంటా పడకుండా ఉండిపోయిన పసుపు తోలు చెప్పుల జత ఉంది. మడమలు తొక్కి తొక్కి అణిగిపోయాయి, కుట్ల మధ్య బంకమన్ను ఎండి బీటలు వారింది.