రేగడి టైర్లు

హమాలాంబో టైరు చుట్టూ రెండోసారి తిరిగి, బొటనవేలు ఉమ్మితో తడిపి, రబ్బరు పక్కభాగాన్ని గట్టిగా రుద్దాడు. వేలికి నల్లగా అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"బూటు పాలిష్. పగుళ్ళు కనపడకుండా పూశావు. ఇది వద్దు."

మోంజే బజారులో టైర్లమ్మే మూంగా నడుం మీద చేతులేసుకుని నవ్వాడు. అతనిది మేక వంశం, హమాలాంబోది ఏనుగు వంశం. ఆ రెండు వంశాల వాళ్ళూ ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

"ఏనుగంత ఒళ్ళు, ఎలకంత నమ్మకం! మీ ఆవిడ పెట్టిన ముద్ద కూడా ఇలాగే రుద్ది చూసి తింటావట్రా?"

"మేకలు మూతి పెట్టిన ప్రతిదీ రుద్దే చూస్తాను. గడ్డి దొరక్కపోతే రబ్బరైనా నమిలే జాతి మీది."

ఇద్దరూ నవ్వుకున్నారు. రేకుల నీడలో నిలబడ్డ చూల్వే మాత్రం నవ్వలేదు. హమాలాంబో అసలు అనుమానమంతా ఆ నిలబడ్డ మనిషి మీదే.

చలికాలంలో ముసలి యజమాని హాచిపుకా పోయాడు. మేనమామ ఆస్తి మేనల్లుడికే చెందుతుంది కనుక ట్రాక్టరూ, పశువులూ చూల్వేకి వచ్చాయి. పెద్దలు మామ పేరు కూడా అతనికే పెట్టారు. ఊరంతా ఇప్పుడు అతన్ని హాచిపుకా అనే పిలుస్తోంది. హమాలాంబో మాత్రం ఏ పేరూ పలక్కుండా, "ఇదిగో", "చూడండి" అంటూ నెట్టుకొస్తున్నాడు. నిన్నటిదాకా మజబుకాలో తారురోడ్డు మీద చెరకు బళ్ళు తోలించిన మనిషి. అలాంటివాడు ట్రాక్టరును పొలంలో ఉంచుతాడా? చెరకుకో, ఇసుకకో రోడ్డెక్కించడూ?

రోడ్డెక్కిస్తే హమాలాంబో పని అయిపోయినట్టే. పెళ్ళయిన ఏడాది ఆ ట్రాక్టరు సీటెక్కాడు. కొడుకు పుట్టాడన్న కబురు సాలు మధ్యలో విన్నాడు. ఆ సాలు పూర్తిచేసి మరీ ఇంటికి వెళ్ళాడు. జ్వరం వచ్చి ఎడ్లు చచ్చిపోయిన ఇళ్ళవాళ్ళు తొలి వాన పడగానే అతని గుడిసె ముందుకొచ్చి నిలబడతారు. దున్నడం తప్ప మరో పని అతనికి రాదు.

టైరుతో తేలిపోతుందనుకున్నాడు. రోడ్డు మీద తిప్పాలనుకునేవాడు పొట్టి పళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న టైరు చూస్తాడు. నల్లరేగడికైతే పళ్ళు లోతుగా ఉండాలి, మట్టి రాలిపోయేందుకు మధ్యలో ఎడం ఉండాలి. చూల్వే కన్ను ఎటు పోతుందో కనిపెడుతూ ఉన్నాడు. అది ఎటూ పోలేదు.

"నీ ఇష్టం, పెద్దాయనా. తోలేది నువ్వు," అన్నాడు చూల్వే.

హమాలాంబోకి అనుమానం రెట్టింపయింది. తన చేత ఎంపిక చేయించి, రేపు టైరు చిరిగితే ఆ నెపంతో సాగనంపుదామనా? పొట్టి పళ్ళ టైరును కాలితో తన్ని, "తారుకి ఇది బాగుంటుంది," అన్నాడు, ఓరగా చూస్తూ.

"బాగుంటుందా?" అని చూల్వే వంగి దాన్ని వేలితో నొక్కి, మళ్ళీ నీడలోకి వెళ్ళాడు. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు.

చివరికి హమాలాంబో లోతు పళ్ళ జత ఒకటి గోడవారనుంచి దొర్లించుకొచ్చాడు. రెండూ ఒకే ఏడు తయారైనవో కాదో ముద్రలు చూశాడు. పళ్ళ మధ్య చెయ్యి దూర్చి కొలిచాడు. జేబులోంచి మేకు తీసి రెంటి మీదా గీత పెట్టాడు.

"అయ్యయ్యో, కొత్త సరుకు మీద గాటేంట్రా!"

"బండికెక్కించే లోపల నీ మేకబుద్ధి వీటిని మార్చెయ్యకుండా."

చూల్వే ముందు డ్రైవరు పక్కన ఎక్కితే, తాను దారి పొడుగునా వ్యాను వెనక టైర్ల మీదే కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఛాతీలో ఏదో బిగదీస్తోంది. ఇంట్లో తాగిన మొక్కజొన్న అంబలి, చిబ్వాంటు, పులిసిపోయిందనీ, తెలిసే భార్య పోసిందనీ అనుకున్నాడు. ఎండ నెత్తిన మండుతుంటే ఎవరో లోపలినుంచి చెయ్యి చాపి పాత గోనెసంచి ఒకటి అందించారు, తల మీద కప్పుకోమని. డ్రైవరే అయుంటాడులే అనుకున్నాడు. డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఊరు చేరాక జాకీలు పెట్టి చక్రాలు బిగించారు. కుడివైపుది బిగించాక హమాలాంబో కావాలనే నీళ్ళ మాట ఎత్తలేదు. దున్నే ట్రాక్టరుకైతే వెనక టైర్లలో ముప్పాతిక నీళ్ళు నింపాలి. ఆ బరువు లేకపోతే రేగడిలో చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. రోడ్డు మీద తిప్పేవాడు నింపడు, డీజిలు దండగ.

చూల్వే చొక్కా విప్పి, ఖాళీ డ్రమ్ము భుజానికెత్తుకున్నాడు.

"నీళ్ళు ఎత్తునుంచి రావాలి కదూ? ఈ చెదపుట్ట మీద పెట్టనా?"

హమాలాంబో బిగించిన నట్టునే మళ్ళీ బిగించాడు.

"రోడ్డుకి నీళ్ళెందుకు?"

"రోడ్డెవడికి కావాలి? చెరకు బళ్ళ వెనక తిరిగి తిరిగి నా నడుం పోయింది. ఈ వానలకి నాకు దున్నడం నేర్పు. తిట్టి నేర్పినా ఫర్వాలేదు."

నేర్చుకుని నన్ను తీసేస్తాడు కాబోలు, అని వెంటనే అనిపించింది. అయినా నోరు తన మాట వినకుండా, "పుట్ట మీదే పెట్టు, హాచిపుకా. జారకుండా రాళ్ళు దన్ను పెట్టు," అంది.

ఆడవాళ్ళు బిందెలు అందిస్తుంటే చూల్వే డ్రమ్ములో పోస్తున్నాడు. కింద హమాలాంబో చక్రానికి ఆనుకుని కూర్చుని, వాల్వు మూత విప్పి, పైపు పెట్టి, మధ్యమధ్య తీసి లోపలి గాలి వదులుతున్నాడు. నీళ్ళు వాల్వు దాకా వచ్చి చిమ్మితే చాలినట్టు. టైరుకి చెవి ఆనించి, లోపల నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు వింటున్నాడు.

"చాలా, పెద్దాయనా?"

ఇంకో బిందె పోసి మళ్ళీ అడిగాడు.

"కొత్త శిష్యుడి మీద అప్పుడే అలకా?" అంటూ చూల్వే కిందికి దిగాడు. పైపు జారి పక్కన పడి ఉంది. వాల్వులోంచి నీళ్ళు చిమ్మి, కొత్త పళ్ళ మీదుగా కారి, ముసలాయన మోకాళ్ళను తడుపుతున్నాయి. చెవి ఇంకా టైరుకే ఉంది. చూల్వే భుజం తట్టాడు, ఆ తర్వాత ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక, ముందు వాల్వుని బొటనవేలితో మూసి, అప్పుడు ఆడవాళ్ళను కేకేశాడు.

చాప మీద అతన్ని ఇంటికి మోసుకెళ్ళాక, వాల్వు మూత కోసం చక్రం చుట్టూ బురదంతా కెలికారు. దొరకలేదు. పొద్దు వాలేవేళకి ఒళ్ళు కడిగేవాళ్ళు ఎడమ పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పితే, ఎవరికీ చిక్కకుండా పట్టుకున్న ఆ గోరంత నల్ల మూత, చెమటతో తడిసి, అరచేతిలో ఉంది.